బ్రెజిల్ అన్న ఎడమ మడమ

మీరు చదవబోయేది ఒక వీరగాథ. ఇందులో సప్తసముద్రాలు దాటి వచ్చిన ఆరడుగుల ఎనిమిదంగుళాల యోధుడున్నాడు. పంతొమ్మిదేళ్ల దిగ్విజయ యాత్ర ఉంది. ముందే హెచ్చరించిన జ్ఞాని, ఆ మాట చెవిన పెట్టని మూర్ఖుడు, వేలాది జనం ఊపిరి బిగబట్టిన రణరంగం, అన్నీ ఉన్నాయి.

సరే, అంత లేదు. జనం మూడొందలమంది ఉంటారేమో. అందులో సగంమంది హాల్లో ఏసీ ఉందని వచ్చినవాళ్లు. దిగ్విజయ యాత్రలో చాలా భాగం రెండో డివిజన్‌లో జరిగింది. కథ లూజ్ మోషన్లతో మొదలవుతుంది. మూర్ఖుడొక్కడే కల్తీ లేని సరుకు. అది నేను.

ఫిజియోథెరపీ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకోసం. నేను క్రీడారంగం నుంచి రిటైరై రెండేళ్లయింది. నా వయసిప్పుడు ముప్పై. ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా జుట్టు నెరిశాక రాస్తారని తెలుసు. కానీ నా క్రీడా ఉద్యోగం మొత్తం పదకొండు నెలలు. దాన్ని గుర్తుచేసుకోవడానికి ముసలితనందాకా ఆగడం దండగ.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి, కంచన్‌బాగ్‌లో ఒక ప్రయోగశాలలో పాతికేళ్లు పనిచేశారు. అక్కడ ఏం చేసేవారో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, రహస్యమట. నా ఉద్యోగం గురించి మాత్రం నేను అంతా చెప్పాను. బంతి ఆడేవాళ్ల కాళ్లు పిసకడానికి నాలుగున్నరేళ్ల డిగ్రీ ఎందుకురా అన్నారు. ఆయన రహస్యం పాటించడంలో లాభమేమిటో అప్పుడర్థమైంది.

పాతబస్తీలో కొత్తగా ఒక బాస్కెట్‌బాల్ జట్టు పెట్టారు. లీగూ కొత్తదే. ఒక్కో జట్టు ఒక విదేశీ ఆటగాడిని తెచ్చుకోవచ్చు. జట్టు రంగుల బ్రోషర్‌లో ఒక టీమ్ డాక్టర్ ఫొటో ఉండేది. ఆయన్ని బ్రోషర్ బయట నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి కాలు బెణికినా, జలుబు చేసినా, కంట్లో నలుసు పడ్డా నేనే దిక్కు. మా కిట్ మేనేజర్ నన్ను "డాక్టర్ సాబ్" అనేవాడు, వెటకారంగా. ఆయనది ఛత్రినాక. ఇంట్లో పాల వ్యాపారం. తెల్లవారుజామున పాలు పోసొచ్చి, పదింటికల్లా జెర్సీలు లెక్కబెట్టుకుంటూ హాల్లో ఉండేవాడు. ఆయన్ని మేమందరం భాయ్ అనేవాళ్లం.

మా విదేశీ ఆటగాడు బ్రెజిల్ నుంచి దిగాడు. వయసు ముప్పై ఎనిమిది. గెస్ట్ హౌస్‌లో మంచం చాలక, భాయ్ ఇంకో మంచం తెచ్చి కాళ్ల వైపు అడ్డంగా వేశాడు. ఆటో ఎక్కితే ఒక మోకాలు రోడ్డుమీద ఉండేది. ఛత్రినాక పిల్లలు ఆ మోకాలిని తాకి పారిపోయేవాళ్లు. రెండు రోజుల్లో ఆయన అందరికీ బ్రెజిల్ అన్న అయిపోయాడు. ఆయన నేర్చుకున్న మొదటి హైదరాబాదీ మాట "నక్కో". అంటే వద్దు. రెండోది చాయ్. ఆ రెండింటితో ఊళ్లో సగం పనులు జరిగిపోతాయని మూడో రోజుకే కనిపెట్టాడు.

పంతొమ్మిదేళ్లప్పుడు తన ఊరి క్లబ్బులో మొదలుపెట్టాడట. తర్వాత సావో పాలో, అర్జెంటీనా, పోర్చుగల్, లెబనాన్, మళ్లీ బ్రెజిల్‌లో రెండో డివిజన్. పెద్ద స్టార్ ఎప్పుడూ కాలేదు. జాతీయ జట్టు శిబిరానికి ఒకసారి పిలిచారట, ఆఖరి జాబితాలో పేరు లేదట. ఇవన్నీ ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, కరెంటు బిల్లు చదివినట్టు చెప్పేవాడు. పంతొమ్మిది సీజన్లు. ఒక్క సీజన్ కూడా మధ్యలో వదల్లేదు. ఎలాగన్నా అని అడిగితే, రెండే సూత్రాలన్నాడు. ఆటకు ముందు గంటసేపు తన పాదాలతో తాను కూర్చుంటాడు. ఫిజియో మాట దాటడు.

"కోచ్‌లు తప్పు చెప్తారు. మేనేజర్లు అబద్ధం చెప్తారు. ఫిజియో ఆడొద్దంటే ఆడను, ఆడమంటే ఆడతాను. అంతే," అన్నాడు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిది. ఆ మాటకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ రెండంగుళాల్లో భయం కూడా కాస్త ఉండాల్సింది.

ఆయన మా జట్టుకు రావడానికి అసలు కారణం వేరే. ఆయన మొదలుపెట్టిన ఊరి క్లబ్బే, ఆఖరి సీజన్ మా దగ్గర ఆడు అని కబురు పెట్టింది. కూతురికి పద్నాలుగేళ్లు, తల్లితో ఆ ఊళ్లోనే ఉంటుంది. నాన్న ఆట ఆ పిల్ల ఎప్పుడూ ఫోన్లో చూడటమే. క్లబ్బు పెట్టిన షరతు ఒకటే: ఖాళీగా కూర్చుని రాకూడదు, ఎక్కడైనా ఆడుతూ వచ్చి, మెడికల్ పరీక్ష పాసవ్వాలి. హైదరాబాదులో రెండు నెలలు ఆడి, రెండు కాళ్లతో ఇంటికెళ్తే చాలు. ఆయన జీవితం మొత్తం అప్పుడు ఆ రెండు కాళ్లమీద ఉంది. ఆ కాళ్లు నా చేతిలో ఉన్నాయి.

ఆషాఢంలో మా ఆటలు సెమీఫైనల్ దాకా వచ్చాయి. ఆ ముందు ఆదివారం పాతబస్తీలో బోనాలు. భాయ్ వాళ్లింట్లో అందరికీ దావత్. బ్రెజిల్ అన్న నేలమీద కూర్చోలేక, పాల క్యాను బోర్లించుకుని దానిమీద కూర్చున్నాడు. మటన్, బోటి, తలకాయ కూర, అడిగినవాళ్లకల్లా తల ఊపాడు. నక్కో అనే మాట ఆ ఒక్క రోజు మరిచిపోయాడు.

సోమవారం పొద్దున గెస్ట్ హౌస్ నుంచి ఫోన్. మధ్యాహ్నానికి ఆయన పన్నెండుసార్లు వెళ్లొచ్చాడు. అంత పెద్ద మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే చూడటానికి చాలా అన్యాయంగా ఉంది. నేను ఏమాత్రం కంగారుపడలేదు. మా ఇంట్లో ఈ జబ్బుకు ఒక మాత్ర ఉంటుంది, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన. మా అమ్మ ఇస్తుంది, మా పిన్ని ఇస్తుంది, పక్కింటావిడ అడిగి పట్టుకెళ్తుంది. దాని పేరు ఎవరికీ పూర్తిగా తెలీదు, "మోషన్స్ టాబ్లెట్" అంటాం. నేను సందు చివరి మెడికల్ షాపుకు వెళ్లి అదే అడిగాను. ఆయన ఎన్నిసార్లు అని మాత్రం అడిగి, కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి, ఐదు రోజులకు పది మాత్రలిచ్చాడు. చీటీ అడగలేదు. నేనూ ఇవ్వలేదు, ఎందుకంటే చీటీ రాసే డాక్టరు బ్రోషర్‌లో ఉన్నాడు.

మంగళవారం సాయంత్రానికి ఆయన లేచి కూర్చున్నాడు. బుధవారం ప్రాక్టీసుకొచ్చాడు. జట్టంతా నన్ను మెచ్చుకుంది. మందు మధ్యలో ఆపకూడదు, కోర్సు పూర్తి చెయ్యాలి అని నేను గట్టిగా చెప్పాను. చదువుకున్నవాడి లక్షణం అది, తప్పు కూడా పూర్తిగా చేయిస్తాడు.

గురువారం ఆయన ఎడమ మడమ వెనక చేత్తో రాసుకుంటూ కనిపించాడు. నొప్పి కాదు, బిగుసుకున్నట్టుంది అన్నాడు. పిక్క నుంచి మడమదాకా తాడులా దిగే స్నాయువు ఒకటుంటుంది, మీకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ల ఆటగాడికి అక్కడ బిగుసుకోవడం వింత కాదు. రెండ్రోజులు నీరసపడి మళ్లీ పరుగెత్తాడు కదా, అందుకే అనుకున్నాను. ఐస్ పెట్టాను, సాగదీశాను, టేపు వేశాను. శుక్రవారం ఇంకొంచెం పెరిగింది. పొద్దున్నే మంచం దిగితే మొదటి పది అడుగులు కుంటుతున్నాడు.

శనివారం ఉదయం నేను వెళ్లేసరికి మనిషి గదిలో లేడు. భాయ్‌కి ఫోన్ చేస్తే, దబీర్‌పురాలో పహిల్వాన్ దగ్గరున్నామన్నాడు.

పహిల్వాన్ అంటే, ఒకప్పుడు కుస్తీ పట్టి, ఇప్పుడు ఎముకలు సరిచేసి కట్టు కట్టే ఉస్తాద్. పాతబస్తీలో చెయ్యి విరిగినా, మెడ పట్టేసినా, ఎక్స్‌రే కంటే ముందు ఆయన గుర్తొస్తాడు. నా ఆటగాడిని నాకు చెప్పకుండా అక్కడికి తీసుకెళ్లడమంటే నా డిగ్రీకి ఫ్రేము పీకేసినట్టే. బండి మీద పరుగెత్తాను. అప్పటికే బ్రెజిల్ అన్న బల్లమీద బోర్లా పడుకుని ఉన్నాడు, కాళ్లు బల్ల దాటి గుమ్మందాకా ఉన్నాయి. గోడమీది ఫొటోల్లోని వస్తాదులు కూడా ఆయన్నే చూస్తున్నట్టుంది. పహిల్వాన్ డెబ్బై దాటిన మనిషి. రెండు వేళ్లకు నూనె రాసుకుని, ఆ మడమ వెనక నరం మీద పైనుంచి కిందికి, వీణ తీగ చూసినట్టు చూస్తున్నాడు. ఒకచోట ఆగాడు. కుడి కాలు కూడా చూశాడు. మళ్లీ ఎడమ కాలికొచ్చాడు.

"నస్ కచ్చీ హై. దస్ దిన్ దౌడ్నా నక్కో," అన్నాడు.

భాయ్ నా వైపు తిరిగాడు. "నరం కచ్చగుందంట. పది దినాలు ఉరుకుడు బంద్ అంటుండు."

"రేపు సెమీస్ భాయ్."

"నాకెర్క లేదా? నేను ఆయన చెప్పింది చెప్తున్న."

పహిల్వాన్ మా గొడవ పట్టించుకోలేదు. ఈమధ్య ఈయనకు ఒంట్లో బాగాలేదా, ఏం మందు మింగుతున్నాడు అని ఉర్దూలో అడిగాడు. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

"కడుపుల వడ్డ మాత్ర మడమకెట్ల పోతది భాయ్?" అన్నాను.

పహిల్వాన్ నన్ను ఒక్క క్షణం చూసి, నూనె చేతులు తుడుచుకున్నాడు. చూసిన చూపులో కోపం లేదు. పనిలేని మనిషి మాట్లాడుతుంటే పనున్న మనిషి చూసే చూపు అది.

బ్రెజిల్ అన్న బల్లమీంచి తలెత్తి, ముసలాయన ఏమంటున్నాడు డాక్టర్ అని నన్నడిగాడు. అక్కడున్నవాళ్లలో ఆయనకు అర్థమయ్యే భాష నాకొక్కడికే వచ్చు.

నేను చెప్పింది ఇది: "ఏం లేదు. కాస్త బిగుసుకుందంటున్నాడు. అందరికీ ఇదే చెప్తాడు."

ఆయన సరే అని దిగి, పహిల్వాన్‌కు రెండు చేతులా సలాం చేసి, బయటికొచ్చాడు. గుమ్మం పై చట్రానికి నుదురు కొట్టుకున్నాడు. మేం ముగ్గురం నవ్వుకున్నాం.

సాయంత్రం కోచ్ నన్ను పక్కకు పిలిచాడు. ఆయన రైల్వేలో ఆడి రిటైరైన మనిషి, తిప్పి మాట్లాడడు. "ముచ్చట లంబా చెయ్యకు. ఆడ్తడా, ఆడడా?"

"ఆడతాడు సార్."

ఆదివారం ఆటకు గంట ముందు, బ్రెజిల్ అన్న ఎప్పట్లాగే తన పాదాలతో తాను కూర్చున్నాడు. నేను టేపు వేస్తుంటే, ఇది నీ కాలైతే నువ్వు పరుగెత్తుతావా అని అడిగాడు. పరుగెత్తుతాను అన్నాను. నేను బస్సు కోసం కూడా పరుగెత్తిన మనిషిని కాదు.

మూడో క్వార్టర్‌దాకా ఆయన బాగా ఆడాడు. ఎడమ మూలలో బంతి అందుకున్నాడు. ఎడమ కాలు నేలకు తన్ని లోపలికి దూకబోయాడు. అప్పుడు వినిపించింది. సోడా మూత లేచినట్టు, టప్‌మని ఒక చిన్న చప్పుడు. నేను బెంచీ దగ్గర, ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. స్పష్టంగా విన్నాను.

ఆయన వెంటనే పడలేదు. బంతి వదిలేసి గిర్రున వెనక్కి తిరిగాడు, తనను తన్నిందెవడా అని. ముఖంలో మొదటిసారి కోపం చూశాను. వెనక ఎవరూ లేరు. అవతలి జట్టులో ఆయనకు అందరికంటే దగ్గరున్న కుర్రాడు కూడా రెండు బారల దూరంలో నిలబడి, నేను కాదన్నట్టు చేతులు పైకెత్తాడు. బ్రెజిల్ అన్న రిఫరీకి తన మడమ చూపించి ఫౌల్ అడిగాడు. రిఫరీ అయోమయంగా చూశాడు. అప్పుడు ఆయన ఒక అడుగు వేయబోయాడు. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు పెడతాం చూడండి, అలా కాలు పెట్టాడు. అక్కడ పాదం ఉంది, పాదానికి పైనున్న మనిషితో సంబంధం లేదు.

తన్నిందెవడో నాకు అప్పటికే తెలుసు. ఈ స్నాయువు తెగినవాళ్లందరూ ఎవరో వెనకనుంచి తన్నారనే అనుకుంటారు. మూడో సంవత్సరం పాఠంలో ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కాను. నొక్కితే పాదం కిందికి వంగి సలాం కొట్టాలి. కొట్టలేదు. మళ్లీ నొక్కాను. కుడి కాలు నొక్కితే అది చక్కగా కొట్టింది. మూడోసారి ఎడమది ఎందుకు నొక్కానో తెలీదు. బ్రెజిల్ అన్న మెడ తిప్పి, నా చేతుల్ని కాకుండా నా ముఖాన్ని చూస్తున్నాడు. పంతొమ్మిది సీజన్లు ఫిజియోల ముఖాలు చదివినవాడు. తల దించి నుదురు నేలకు ఆనించుకున్నాడు. హాల్లో ఏసీ చప్పుడు వినిపించింది. అంతసేపూ అది పనిచేస్తోందని కూడా నాకు తెలీదు.

ఆస్పత్రిలో సర్జన్ నింపాదిగా మాట్లాడే మనిషి. కాలు చూశారు, స్కాన్ చూశారు, పూర్తిగా తెగిందన్నారు. కాగితం మీద రాసుకుంటూ, తలెత్తకుండా అడిగారు.

"ఈమధ్య ఏమైనా మందులు వాడారా?"

పక్కన నిలబడ్డ భాయ్ నా వైపు చూశాడు. అదే ప్రశ్న. ఆయనకు ఇంగ్లీషు రాకపోయినా, సర్జన్ తెలుగులోనే అడిగారు.

మాత్రలన్నీ మింగాడో లేదో చూడటానికి గదిలోంచి తెచ్చిన ఖాళీ స్ట్రిప్పు ముక్క నా జేబులో ఉంది. తీసి బల్లమీద పెట్టాను. సర్జన్ వెనక్కి తిప్పి చదివారు. పేరు చివర ఫ్లాక్సాసిన్ అని ఉంది చూశారా అన్నారు. ఈ రకం మందు కొందరిలో స్నాయువుల్ని బలహీనం చేస్తుందట, పరుగెత్తే కాళ్లకు మరీ ప్రమాదమట. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే కావచ్చట. నొప్పి మొదలవగానే మందు ఆపి, కాలికి విశ్రాంతి ఇవ్వాలట. దీనివల్లే తెగిందా సార్ అని అడిగాను.

"కచ్చితంగా దీనివల్లే అని నేను చెప్పలేను. కాదని మీరూ చెప్పలేరు," అన్నారు. తర్వాత, చాలా మర్యాదగా, "ఎవరు రాశారు ఇది?" అని అడిగారు.

నేను స్ట్రిప్పు ముక్క తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

సోమవారం ఆపరేషన్ అయింది. మరుసటి రోజు బ్రెజిల్ అన్న తనే వాళ్ల ఊరి క్లబ్బుకు వీడియో కాల్ చేసి, కెమెరా తిప్పి కట్టు చూపించాడు. కాల్ రెండు నిమిషాల్లో అయిపోయింది. తిరిగి పరుగెత్తడానికి దాదాపు ఏడాది, అప్పటికి ముప్పై తొమ్మిది. అవతలివాళ్లు మర్యాదస్తులు, చాలా బాధపడ్డారని చెప్పాడు. కూతురికి ఇంకా చెప్పలేదన్నాడు.

అప్పుడు నేను చెప్పాను. మాత్ర సంగతి చెప్పాను. పహిల్వాన్ అసలేమన్నాడో, నేను దాన్ని ఎలా మింగేశానో చెప్పాను. నవ్వానని కూడా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక స్ట్రిప్పు ముక్క అడిగి తీసుకుని, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. నేను తిట్టు కోసం సిద్ధంగా ఉన్నాను. కాస్త సిగ్గులేకుండా, క్షమాపణ కోసం కూడా సిద్ధంగా ఉన్నాను. వీరగాథల్లో ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉంటుంది.

"ఈ మాత్ర ఇంకా ఎవరికిచ్చావు?" అని అడిగాడు.

భాయ్ వాళ్ల దావత్ తిన్నది ఆయనొక్కడే కాదు. మా జట్టులో ఇద్దరు కుర్రాళ్లకు కూడా కడుపు పాడైంది. పంతొమ్మిదేళ్లవాడొకడికి, ఇరవై రెండేళ్లవాడొకడికి. వాళ్లు మూడు రోజులు ఆలస్యంగా, గురువారం రాత్రి మొదలుపెట్టారు, అంటే ఇంకా మింగుతూనే ఉన్నారు, ఆ పొద్దున కూడా మూడో స్థానం ఆటకోసం ప్రాక్టీసుకెళ్లారు. కోర్సు పూర్తి చెయ్యమని నేను గట్టిగా చెప్పాను కదా.

"వెళ్లు," అన్నాడు ఆయన. చెయ్యి తలుపు వైపు చూపించాడు.

హాలుకు పరుగెత్తాను. నా జీవితంలో నిజంగా పరుగెత్తింది అప్పుడే. ఇద్దరినీ కోర్టులోంచి లాక్కొచ్చి కూర్చోబెట్టాను. కోచ్ కేకలేశాడు. ఎందుకో చెప్పాను. ఆయన ఈల నోట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. కుర్రాళ్లిద్దరినీ సర్జన్‌కు చూపించాం. మందు ఆపారు. ఇద్దరి మడమలూ బాగున్నాయి. బ్రెజిల్ అన్న పడ్డాక సెమీస్ ఓడిపోయి, ఫైనల్ మేం ఆడలేదు కాబట్టి, వాళ్లు నన్ను తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

బ్రెజిల్ అన్న విమానం ఎక్కే ముందురోజు పహిల్వాన్ దగ్గరికి వెళ్లాడు. భాయ్‌ని తీసుకెళ్లమన్నాడు. నన్ను రమ్మనలేదు. తర్వాత భాయ్‌ని అడిగాను, ఏం మాట్లాడుకున్నారని.

"ఏం మాట్లాడలే. ఒకని భాష ఒకనికి రాదాయె. పహిల్వాన్ చాయ్ తాపిండు. అద్దగంట సేపు ఇద్దరు గట్లనే కూసున్నరు." తర్వాత, "నిన్ను మస్తు తిడ్తడేమో అనుకున్న డాక్టర్ సాబ్. నీ పేరే ఎత్తలే," అన్నాడు. ఆ డాక్టర్ సాబ్‌లో ఆ రోజు వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

నేను రాజీనామా చేశాను. అందరూ త్యాగమనుకున్నారు. నేను వేసే టేపు వంకరగా పడుతోంది, అంతే. ఇప్పుడు ఒక చిన్న క్లినిక్‌లో పెద్దవాళ్ల మోకాళ్లు చూస్తున్నాను. వాళ్లు పరుగెత్తరు. ఎవరొచ్చినా మొదట ఏం మందులు వాడుతున్నారని అడుగుతాను. మోకాలికొస్తే మందులెందుకు అడుగుతావు అని ఒకాయన మొన్న నవ్వాడు. నేను నవ్వలేదు.

బ్రెజిల్ అన్న ఈ రెండేళ్లలో ఒక్క మెసేజ్ పెట్టాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ల కాళ్లెలా ఉన్నాయని. బాగున్నాయని రాశాను. బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు. నీ కాలెలా ఉందని అడగడానికి చాలాసార్లు టైప్ చేసి చెరిపేశాను.

ఒక సంగతి కనుక్కున్నాను. ఆ మాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంటుంది. స్నాయువుల గురించి హెచ్చరిక అందులో ఉంది, చీమ తల కంటే చిన్న అక్షరాల్లో. షాపువాడు స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే ఆ కాగితం మనకు రాదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఆటగాడికి లూజ్ మోషన్లయితే డాక్టరుకు చూపించండి, ఈలోగా ఓఆర్ఎస్ పట్టించండి. పెద్ద ప్యాకెట్ ఒకటి, కాచి చల్లార్చిన నీళ్లు లీటరు. పంచదార కలపకూడదు. మిగిలింది మర్నాడు పారబొయ్యాలి.